దయ్యానికి వన్స్ మోర్

మొన్న ప్రొద్దుటూరులో మా మనవరాలు నన్ను ఏసీ సినిమా హాలుకు తీసుకుపోయింది. ఎప్పుడో తన చిన్నప్పుడు జనాన్ని హడలగొట్టిన దయ్యం సినిమా ఒకటి ఉందట, దానికి ఇన్నేళ్ళ తర్వాత రెండో భాగం వచ్చిందట. పక్క సీటులో ఎవరో మొక్కజొన్న పేలాలు నములుతున్నారు. తెర మీద ఒక తలుపు తెరుచుకోబోతూ ఉండగా అన్ని శబ్దాలూ ఒక్కసారిగా ఆపేశారు. చల్లగాలి మెడకు తగిలింది. నా ఒళ్ళు నిజంగానే జలదరించింది. ఆ తలుపు వెనకున్న దయ్యాన్ని తలచుకుని కాదు, దస్తగిరి మాస్టరును తలచుకుని. ఆ మరుక్షణమే గుండెల మీద రోకలితో పొడిచినట్టు ఒక మోత మోగించి ఆ నిశ్శబ్దాన్ని కాస్తా తగలేశారు. భయపెట్టడం అంటే చెవులు పగలగొట్టడమేనని వీళ్ళకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

రెండో భాగం మొదటిదానికి సాటి రాగలదా అని పత్రికల్లో కుర్రవాళ్ళు పేజీలకు పేజీలు రాస్తున్నారు, ఆ ప్రశ్న తామే పుట్టించినట్టు. ఆ తగువు జమ్మలమడుగులో గుడ్డలు కుట్టుకునే ఒక మనిషి నెత్తిన వేసుకుని ఎప్పుడో తేల్చేశాడు. ఆయన నాటకంలో రెండు భాగాల్లోనూ దయ్యం వేషం నాదే. కాబట్టి ఈ విషయంలో నా మాటకు కొంచెం విలువ ఇవ్వాలని మనవి.

దస్తగిరి మాస్టరు పగలు టైలరు, పొద్దు గూకితే హార్మోనియం మాస్టరు. నాటకాలు ఆయనే రాసేవాడు, ఆయనే నేర్పేవాడు, స్టేజీకి ఎడమ పక్కన కూర్చుని ఆయనే వాయించేవాడు. నేను మూడో తరగతితో బడికి దండం పెట్టి నూనె మిల్లులో వేరుశనగ మూటలు మోస్తుండేవాణ్ణి. అప్పటికి మీసం వచ్చి నాలుగైదేళ్ళయింది. అక్షరాలు సగం మరిచిపోయాను. నా పొడుగు, నా ఎముకలు చూసి వేషానికి పిలిచాడు. "చదవలేను మాస్టరూ" అంటే, "చదవలేకపోతే దయ్యంగా పనికిరావు పో" అన్నాడు. ఆ రోషంతో ఆయన నాటకం మొత్తం రాసిచ్చిన కాగితాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. నేను ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ కాగితాలే నా బడి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆయన రాసిన నాటకం 'ఆఖరి విస్తరి'. ఒక పెండ్లి. పెండ్లికూతుర్ని పెంచి పెద్దచేసిన మేనత్తను ఆమె తమ్ముడే, అంటే పెండ్లికూతురి తండ్రే, మాటపట్టింపుతో పిలవడు. ఆమె అదే గడియలో తన ఇంట్లో ప్రాణం విడుస్తుంది. ఆ సంగతి తెలియక ఇక్కడ పంక్తి సాగుతూ ఉంటుంది. చివరి విస్తరి ముందు ఆమె వచ్చి కూర్చుంటుంది. అంతే కథ. ఆ మేనత్తను నేను.

రిహార్సల్లో మొదటిరోజు నేను కళ్ళు తిప్పి, గోళ్ళు చాచి, పెడబొబ్బ పెట్టాను. మాస్టరు వాయించడం ఆపేశాడు.

"ఏందిరా అది? కడుపునొప్పి వచ్చినట్ల ఉండాది."

"దయ్యం గదా మాస్టరూ!"

"మీ మేనత్త ఉండాదా?"

"ఉండాది. మైలవరంలో."

"పిలవని పెండ్లికి వస్తే ఆమె ఇట్లనే గంతులేస్తాదా?"

ఆలోచించాను. "లేదు మాస్టరూ. ఒక మూల గమ్మున కూచ్చుంటాది. ఆమెను జూస్తేనే మా నాయనకు ముద్ద దిగదు."

"మరింకేం? సచ్చిపోయినంత మాత్రాన మనిషి మారిపోతాదా? గమ్మున కూచ్చో. భయపడేది వాళ్ళ పని. వాళ్ళ పని నువ్వు చెయ్యాకు."

అట్లాగే చేశాం. మెరుపులు లేవు, ఉరుములు లేవు. అన్నం వడ్డించేవాడు వరసగా వడ్డించుకుంటూ వచ్చి చివరి విస్తరి దగ్గర ఆగాడు. నేను కొంగు నెత్తి మీద నుంచి తీయకుండా తల మాత్రం ఎత్తి, "నాకు వడ్డించలేదు" అన్నాను. నాటకం మొత్తానికీ నాకున్నది ఆ ఒక్క మాటే. జమ్మలమడుగులో ఆ పూట చాపల మీద కూర్చున్న జనంలో చిన్న పిల్ల కూడా కిక్కురుమనలేదు. ఆ తర్వాత చాలాకాలం మా పక్క పెండ్లిళ్ళలో పంక్తి చివర కూర్చోవడానికి మగవాళ్ళు కూడా ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి మాటలు లేని మేనత్తలందరికీ బండ్లు కట్టి మరీ పిలుపులు వెళ్ళాయి. మా మైలవరం మేనత్త అయితే, ఒకే ముహూర్తానికి మూడిళ్ళు తనను పిలిచాయని నన్ను ఆశీర్వదించింది.

ఇక్కడ వన్స్ మోర్ సంగతి చెప్పాలి. ఈ కాలంవాళ్ళకు తెలియదు. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు, నటుడు మళ్ళీ పాడాలి. కాదంటే రాళ్ళు పడతాయి. యుద్ధంలో కూలిన రాజు కూడా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయేవాడు. ఎన్ని వన్స్ మోర్‌లు పడితే అంత గొప్ప. మా నాటకానికి ఒక్కటి కూడా పడలేదు. ఆ సంగతి పట్టుకుని ప్రొద్దుటూరులో ఒక హోటల్లో, వేరే నాటక సమాజంలో రాజు వేషాలు వేసే ఒకాయన మాస్టరును అందరి ముందూ గేలి చేశాడు.

"ఏం మాస్టరూ, మీ దయ్యానికి ఒక్క వన్స్ మోర్ గూడా రాలేదంట గదా!"

"రాకపోవడమే గదప్పా దాని గొప్ప. దయ్యాన్ని మళ్ళీ రమ్మని ఎవుడన్నా పిలుస్తాడా? మా అత్తకు వన్స్ మోర్ పడిన పొద్దు నేను హార్మోనియం మూసేస్తా. మళ్ళీ ముట్టను."

కోపంలో అన్నాడో, గర్వంతో అన్నాడో, అన్నమాట మటుకు అన్నాడు. మేము ఆడిన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మూడూళ్ళలోనూ అది పాకిపోయింది.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది, సినిమా హాళ్ళు వచ్చాయి, నాటకాలకు పిలుపులు తగ్గాయి. నేను పెండ్లి చేసుకుని, పొట్ట పెంచుకుని, ప్రొద్దుటూరు బస్టాండులో ప్రైవేటు బస్సు ఏజెంటునయ్యాను. పొద్దున లేస్తే "ముద్దనూరు, పులివెందుల! ముద్దనూరు, పులివెందుల!" అని అరవడమే పని. ఇట్లా పదేళ్ళ పైన గడిచాక ఒకరోజు మాస్టరు బస్సు దిగి నా ముందు నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. పులివెందులలో ఉత్సవ కమిటీ పెద్ద చిన్నపురెడ్డి కబురు పంపాడట. రాజుల నాటకాలు మాకొద్దు, ఆ అత్తను మళ్ళీ తెస్తే ఏటా పిలుస్తాం, లేకపోతే సినిమా మిషను తెప్పించుకుంటాం అని.

"ఆమె కథ అయిపాయ గదా మాస్టరూ. తమ్ముడు చేతులారా వడ్డించినాడు, తిని పాయ. మళ్ళీ ఎందుకొస్తాది?"

"పెండ్లికూతురికి బిడ్డ పుట్టినాది. ఈమె పేరు పెట్టలేదని వస్తాది."

"ఒకసారి తృప్తి పడినాది గదా?"

"అత్తలకు తృప్తి యాడుంటాదిరా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ రిహార్సల్లో నాకు నవ్వు రాలేదు. ఉరుములకు రేకు తెప్పించాడు. కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించడానికి ఒక మనిషిని పెట్టాడు. నాకు గోళ్ళు కూడా అంటించాడు. భయపడేది జనం పని అని నాకు నేర్పిన మనిషే!

"మాస్టరూ, మొదటి దాంట్లో ఇవేం లేవు."

"అప్పుడు జనానికి తెలీదు, ఇప్పుడు తెలుసు. తెలిసినోళ్ళను భయపెట్టాలంటే మోత కావల్ల." ఆయన నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు. "ఓబులేసూ, ఇది నిలబడకపోతే మనల్ని ఇంక పిలిచేవాడు లేడు. వన్స్ మోర్ పడితే వాయించేదానికి నేనే ఉండను. చూసి చెయ్యి."

నాటకం పూట పులివెందులలో ఇసుక వేస్తే రాలనంత జనం. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. గ్యాసులైట్లు వెలిగాయి. నామకరణం సీను వచ్చింది. రేకు ఉరిమింది. గుగ్గిలం భగ్గుమంది. ఆ పొగలోంచి దగ్గుకుంటూ నేను ప్రవేశించాను.

"ఓబులేసన్నా! పొద్దుగాల బస్సు ఎన్ని గంటలకప్పా?"

ముందు వరసలో ఎవరో. జనం ఒకటే నవ్వు. నేను గోళ్ళు చాచాను.

"గోళ్ళు తీసుకోలేదా అత్తా? మంగలాయన్ను పిలవాల్నా?"

ఎట్లాగో ఆఖరి విస్తరి దాకా వెళ్ళి కూర్చున్నాను. తల ఎత్తి నోరు తెరిచేలోగా పులివెందుల పులివెందులంతా ఒక్క గొంతుతో అంది: "నాకు వడ్డించలేదు!"

"వడ్డిస్తాం లే అత్తా, కూచ్చో!" అని ఒక ముసలామె.

ఆ వెంటనే ఎక్కడో వెనక నుంచి మొదలైంది. "వన్స్ మోర్! అత్తకు వన్స్ మోర్!"

ఒక మాట చెప్పాలి. వాళ్ళు గేలి చేయలేదు. గేలి చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. వాళ్ళు ప్రేమతో అరిచారు. ఇన్నేళ్ళ తర్వాత ఊరికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశారు. దూరమైన మేనత్త కోసం కాచుకున్నారే గాని, దయ్యం కోసం ఎవరూ రాలేదు. మాకు ఆ సంగతి తట్టలేదు. మేమేమో గుగ్గిలం తెచ్చుకున్నాం.

నేను మాస్టరు వైపు చూశాను. ఆయన చేయి పైకి లేచినది లేచినట్టే ఆగింది. తర్వాత మెల్లగా హార్మోనియం తిత్తిని నొక్కి కొక్కెం పెట్టాడు. మూత వేశాడు. దాని మీద తన తువ్వాలు పరిచాడు, అన్నం గిన్నె మీద కప్పినట్టు. చెప్పులు వేసుకుని స్టేజీ దిగి జనం మధ్య నుంచే నడిచి వెళ్ళిపోయాడు.

ముందు నవ్విన వాళ్ళకు అర్థం కాలేదు. తర్వాత ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. హార్మోనియం మూసేస్తానన్న ఆ మాట గుర్తొచ్చింది వాళ్ళకు. వెనక వరసల దాకా నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గ్యాసులైటు బుసబుస తప్ప ఏమీ లేదు. రాగం లేదు, నాకు అందించే మాట లేదు. ఏం చేయాలో తెలియక ఆయన మొదట నేర్పిందే చేశాను. గమ్మున కూర్చున్నాను. జనం నన్ను చూడటం లేదు, ఆ తువ్వాలు కప్పిన పెట్టెను చూస్తున్నారు. ఇందాక "వడ్డిస్తాం లే" అన్న ముసలామె మనవణ్ణి దగ్గరికి లాక్కుంది. జమ్మలమడుగులో కూడా అంత నిశ్శబ్దం నేను వినలేదు. చివరికి ఎవరో తెర దించారు.

నేను అదే వేషంతో పరుగెత్తాను. ఆయన బస్టాండు దగ్గర టీ కొట్టులో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. టీ కాసే మనిషి నాటకానికి రాలేదు, కొట్టు వదిలి రాలేకపోయాడు పాపం. పాలు పొంగకుండా వంగి ఊదుతున్నాడు. నేను వెనక నుంచి వెళ్ళి, ఆయాసంతో, "నాకూ ఒక టీ" అన్నాను. అతను తిరిగి చూశాడు. తెల్ల ముఖం, కాటుక, గోళ్ళు. "యా అల్లా!" అని గరిటె విసిరేసి, లుంగీ పట్టుకుని ముద్దనూరు రోడ్డున పడి పరుగెత్తాడు.

మాస్టరు ఆ రోడ్డు వైపు చూసి అన్నాడు:

"వాడు మొదటి భాగం చూడలేదప్పా."

ఇద్దరం నవ్వాం. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నా కాటుక కారి చీర పాడైంది. పొంగిన పాలు ఆయనే దించాడు.

"మాస్టరూ, పోదాం రాండి. జనం కదలకుండా కూచ్చోనుండారు. నిజంగా భయపడినారు."

"దయ్యానికా?"

అవునంటే ఆయన వచ్చేవాడేమో. కానీ ఆయనకు అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. "కాదు. మీరు లేచిపోయినందుకు."

"అయితే అది నాటకం గాదు లే" అని టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

కొన్ని వారాల తర్వాత చిన్నపురెడ్డి జమ్మలమడుగులో మాస్టరు కొట్టుకు వచ్చాడు. నేనూ ఉన్నాను. రెడ్డి గుమ్మంలోనే తలపాగా తీశాడు.

"మాస్టరూ, తప్పయిపాయ. ఈసారి ఎవుడన్నా నోరు తెరిస్తే నేను జూసుకుంటా. మళ్ళీ రాండి. ఇదొక్కసారి."

మాస్టరు దారం పంటితో తెంపాడు. "నువ్వు అడుగుతాండేది గూడా అదే గదప్పా రెడ్డీ. ఆ పొద్దు అరిచి అడిగినారు, ఈ పొద్దు మర్యాదగా అడుగుతాండారు. అంతే తేడా." మెడలోంచి టేపు తీశాడు. "వచ్చినావు గాబట్టి చేతులు పైకెత్తు, చొక్కాకు కొలత తీసుకుంటా" అన్నాడు మాస్టరు. అంత పెద్దమనిషి బడిపిల్లవాడిలా చేతులెత్తి నిలబడ్డాడు.

హార్మోనియం ఆయన మళ్ళీ ముట్టలేదు. నచ్చజెప్పాను, పోట్లాడాను, అలిగాను. పోయేదాకా చొక్కాలే కుట్టాడు.

తర్వాత నేను యూనియన్ మీటింగుల్లో, సంతాప సభల్లో, ఎవరెవరివో సన్మానాల్లో చాలాసార్లు మాట్లాడాను. మైకు ముందుకు రాగానే నా కళ్ళు నేను చెప్పకుండానే మాస్టరు కూర్చునే ఎడమ పక్కకు పోతాయి. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే ధైర్యంగా మాట్లాడతాను. ఖాళీగా ఉంటే కాసేపు ఏమీ అనకుండా నిలబడతాను. ముసలాయన మాట మరిచిపోయాడని జనం అనుకుంటారు. అనుకోనిస్తాను.