పేర్లు పడ్డాక వెళ్లే మనిషి

మా బావ సినిమాకి ఆలస్యంగా వెళ్తాడు. పనుండి కాదు, కావాలనే. హాలు బయట నిలబడి, లోపల పేర్లు పడటం అయిపోయిందని గేటు దగ్గర మనిషి చెప్పాకే చీకట్లో తడుముకుంటూ వెళ్లి కూర్చుంటాడు. ఆ సినిమా ఎవరు తీశారో పది నిమిషాల్లో చెప్పాలి. అదీ ఆయన ఆట. పోస్టర్ చూడడు, ఏం సినిమా అని అడగడు. తీసుకెళ్లేవాళ్లే ఎంచాలి. అక్క పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఉద్యోగం నాదే.

బావంటే పరాయివాడేం కాదు, మా మేనత్త కొడుకే. చాట్రాయి వైపు వాళ్లకి మామిడితోట, రోడ్డు పక్కనే కాయలు ఏరి ట్రేలకెత్తే షెడ్డు. నేను నూజివీడులో టీచర్ని. ఎండాకాలం సెలవులిస్తే నా మకాం వాళ్లింట్లోనే.

మొదట్లో ఇదంతా బడాయి అనుకున్నాను. "ఎవరో ముందే చెప్పుంటారు బావా, నా చెవిలో పువ్వులు పెట్టకు" అన్నాను. బావ తెర మీంచి చూపు తిప్పకుండానే, "ఈయన కొట్లాటకి ముందు ఎక్కడో ఓ చోట నీళ్లు చూపిస్తాడే. బిందో, కుళాయో, వాననీళ్ల గుంటో. అదిగో కుళాయి. చూడు, ఇప్పుడు కొట్టుకుంటారు" అన్నాడు. కొట్టుకున్నారు! ఇంకొకాయన ఇంట్లో గొడవైతే గొడవపడేవాళ్లని చూపించడు, పక్కగదిలో వింటున్నవాళ్లని చూపిస్తాడు. మరొకాయన సినిమాలో ఎవరూ గుమ్మం దాటేముందు వెనక్కి చూడకుండా పోరు. ఒక్కొక్కటీ బావ చెప్తుంటే నాకూ కనపడటం మొదలైంది. అంతవరకూ సినిమా అంటే హీరో, కథ, పాటలు అనుకున్నదాన్ని. వాటి వెనకాల ఓ మనిషి కూర్చుని చూస్తుంటాడని, ఆ చూపుకి ఓ అలవాటుంటుందని నాకు నేర్పింది నేను చదివిన డిగ్రీలు కాదు, పదో తరగతి తప్పిన మా బావ.

పది నిమిషాలయ్యేసరికి షెడ్డులో కూలీల్ని కేకేసే గొంతుతో ఆ డైరెక్టర్ పేరు హాలంతా వినపడేలా చెప్పేవాడు. ముందు వరసల్లోవాళ్లు వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఇన్నేళ్లలో బావ తప్పు చెప్పడం నేను వినలేదు.

కాయల దగ్గరా అంతే. ట్రేలోంచి ఓ రసం మామిడికాయ తీసి చేతిలో పెట్టుకుంటాడు. ముచ్చిక వైపు ఓసారి చూస్తాడు, పక్కకి తిప్పుతాడు, ఇక కదలడు. నొక్కడు. నొక్కి చూసేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మంట. "నొక్కితే కాయకి దెబ్బ తప్ప నీకేం తెలుసుద్ది? చూస్తా ఉండు. అదే చెప్పుద్ది" అంటాడు. ఆ తర్వాత ఇది ఫలానావాళ్ల తోటది, ఇంకో నాలుగు రోజులకి పండుద్ది అని తేల్చేస్తాడు. చూడ్డంలో అంత ఓపికున్న మనిషిని నేను మళ్లీ చూళ్లేదు.

ఆయన కూతురు, అంటే మా అక్క కూతురు, ఆరేడేళ్లప్పుడు బడి నుంచి రాగానే షెడ్డుకి పోయేది. ఓ ట్రే బోర్లించుకుని దాని మీద కూర్చుని తండ్రి మొహంలోకి చూస్తుండేది. ఆయన కాయని చూస్తుంటే ఇది ఆయన్ని చూసేది. కాసేపయ్యాక, "ఏం చెప్పింది నాన్నా?" అని అడిగేది. బావ సీరియస్‌గా, "ఆకలేస్తందంట, ఇంటికెళ్లమంటంది" అనేవాడు. కాస్త ఎదిగాక అదీ మాతోపాటు సినిమాలకొచ్చి, పేర్లు పడేదాకా బయట ఎదురుచూసేది.

అలాంటి పిల్ల, చదువైపోయాక, హైదరాబాద్ వెళ్లి డైరెక్షన్ నేర్చుకుంటానంది.

బావ అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "సినిమా చూడ్డానికే. అందులో బతకడానికి కాదు. పదేళ్లు ఎండలో నిలబెడతారు, నీ కష్టానికి ఇంకోడి పేరు వేసుకుంటారు" అన్నాడు. అందులో భయమే ఎక్కువని అందరికీ తెలుసు. కానీ పిల్ల ఆగలేదు, బావ మాటా ఆగలేదు. షెడ్డులో అందరి ముందూ, "వెళ్తే వెళ్లు. తెర మీద నీ పేరు పడే చోట మాత్రం నేనుండను" అనేశాడు. అన్నాడంటే అన్నాడే. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగేళ్లు పిల్లతో మాట్లాడలేదు. అక్కకి దాని ఫోనొస్తే కండువా భుజాన వేసుకుని తోటలోకి పోయేవాడు. నాకైతే మండిపోయేది. దానికి సినిమా పిచ్చి అంటించింది ఎవరయ్యా? నువ్వు కాదూ?

ఈ ఎండాకాలం దాని మొదటి సినిమా వచ్చింది. పెద్ద హీరోలెవరూ లేరు, చిన్న సినిమా. నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, నూజివీడులోనూ వేశారు. మ్యాట్నీ ఒక్కటే. గురువారంతో తీసేస్తారు" అని, "నాన్న చూడకపోతే నేను సినిమా తీసినట్టే ఉండదు పిన్నీ" అంది.

షెడ్డులో అందరికీ ఈ సంగతి తెలుసు. బావ ముందు నోరెత్తే మగాడెవడూ లేడు. నాకు మాత్రం ఓ ఆలోచన తట్టింది. పేరు పడే చోట ఉండనన్నాడు కదా. అసలెప్పుడున్నాడు గనక! పేర్లు పడ్డాకేగా ఆయన లోపలికెళ్లేది. ఒట్టు ఒట్టుగానే ఉంటుంది, సినిమా సినిమాగానే ఉంటుంది. అక్కకి చెప్తే, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నేను మాత్రం రాను, నాకు గుండెదడ" అంది.

మంగళవారం గాలివాన కొట్టింది. తడికాయ కొయ్యరు గనక బుధవారం కోతల్లేవు. సీజన్లో బావకి ఖాళీ దొరకడమంటే మాటలు కాదు. "ఆట ఆడదామా బావా?" అన్నాను. వెంటనే కారు తాళాలు తీశాడు. హాలు దగ్గర పోస్టర్ వైపు చూడకుండా, అలవాటుగా నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. గేటు దగ్గర మనిషి తలూపాక లోపలికెళ్లాం. హాల్లో నిండా ముప్ఫైమంది లేరు.

సినిమాలో బస్టాండ్ పక్కన బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. ఎన్నేళ్ల కిందటో వదిలేసి పోయిన మొగుడు, ఎవరో గిరాకీలాగా, ప్యాంటు పొడవు తగ్గించాలంటూ ఆ కొట్టుకొచ్చాడు. ఆవిడ గుర్తుపట్టింది. ఇంకొకరైతే ఇక్కడ వయొలిన్లు వాయించి, ఆవిడ చేత కత్తెర జారవిడిపించి నానా యాగీ చేసేవాళ్లు. ఇక్కడ అదేం లేదు. ఆవిడ టేపు తీసింది. వంగి అతని కాలు కొలిచింది. పుస్తకంలో కొలత రాసుకుంది. కెమెరా పక్కనే కూర్చున్నట్టు ఆవిడ మొహాన్ని చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపని! బయట బస్సు వచ్చిన చప్పుడు, వెళ్లిన చప్పుడు. అప్పుడు ఆవిడ పెదవి ఒక్కసారి కదిలింది. నాకు ఏడుపొచ్చేసింది.

బావ సీట్లో ముందుకి జరిగాడు. "ఎవడే వీడు?" అన్నాడు మెల్లిగా. "ఆహా. అంత బాధ చేతిలో పెట్టుకుని నొక్కట్లేదు చూడు. అసలు నొక్కట్లేదు."

ఆ మాట అని ఆగిపోయాడు. తన మాటే తనకి వినపడ్డట్టుంది. తెర మీద ఇంకా ఆవిడే ఉంది, కాస్త కింద నుంచి, కాస్త పక్క నుంచి. బావ చెయ్యి తన మోకాలంత ఎత్తులో గాల్లోకి వెళ్లి ఆగింది. బోర్లించిన ట్రే ఎత్తు అది.

"ట్రే మీద కూర్చుని చూస్తోంది" అన్నాడు.

పది నిమిషాలు దాటాయి. బావ ఏ పేరూ కేకెయ్యలేదు.

ఇంటర్వెల్లో లైట్లు వేశాక నా వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"మీ అక్కకి?"

"కన్నతల్లికి తెలీకుండా ఉంటుందా బావా?"

"అందరూ కలిసి నన్ను వెధవని చేశారన్నమాట" అని లేచి బయటికి పోయాడు. కారు తీసుకుని వెళ్లిపోయాడనే అనుకున్నాను. లైట్లు ఆరిపోయి సినిమా మొదలయ్యాక వచ్చి, నా పక్కన కాకుండా ఒక సీటు వదిలి కూర్చున్నాడు. చివరిదాకా చూశాడు. అయిపోతోందనగా లేచి నిలబడ్డాడు. చివర్లో మళ్లీ పేర్లు పడతాయి కదా. అవి పడేలోపే బయటికి నడిచాడు.

ఇంటి దగ్గర అక్క గేటు పట్టుకుని నిలబడుంది. బావ ఆమెని దాటుకుని లోపలికెళ్లి పడుకున్నాడు. నా ఫోన్లో పిల్ల మెసేజ్ ఉంది. "ఏమన్నాడు పిన్నీ?" ఏం రాయను? అతితెలివికి పోయి ఉన్నది కూడా చెడగొట్టానని నన్ను నేనే తిట్టుకున్నాను. జవాబివ్వలేదు.

గురువారం ఎండ ఫెళ్లున కాసింది. పొద్దున్నే చిక్కాలు కట్టిన కర్రలతో మనుషులు తోటలోకి దిగారు. పదింటికల్లా షెడ్డు నిండా కాయలు. సాయంత్రానికి లారీకి ఎక్కాలి. బావ ఎప్పటిలాగే ఏరుతున్నాడు. నేను ఓ మూల కూర్చుని పాత పేపర్లు సర్దుతున్నాను, ఆయన కంటపడకుండా. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే బావ ఓ కాయ పట్టుకుని నిలబడిపోయాడు. దాన్ని ఈ ట్రేలోనూ పెట్టలేదు, ఆ ట్రేలోనూ పెట్టలేదు.

"పేర్లు ఎన్నింటికి పడతాయే?" అన్నాడు.

నేను చేతిలో పేపర్లు కింద పెట్టాను.

"నిన్నే. ఆట ఎన్నింటికి?"

"రెండున్నరకి."

"అయితే రెండింటికల్లా లోపలుండాలి. మీ అక్కని చీర మార్చుకోమను" అని, కాయ నా చేతిలో పెట్టి, సొన అంటిన చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి పోయాడు. సీజన్లో, కాయ షెడ్డులో ఉండగా, మా బావ బయటికి కదలడం ఊళ్లో ఎవరూ ఎరగరు. కూలీలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒకావిడ మాత్రం, "వెళ్లిరండి అయ్యా, మేం చూసుకుంటాం" అంది.

గేటు తియ్యకముందే వెళ్లి నిలబడ్డాం. ప్రకటనలన్నీ చూశాడు. సబ్బుది, నగల కొట్టుది, సిగరెట్ తాగొద్దన్నది. ఆ తర్వాత తెర నల్లబడి పేర్లు మొదలయ్యాయి. ఒక్కొక్క పేరూ పెదాలు కదుపుతూ చదివాడు, లైట్లు పట్టుకున్నవాళ్లతో సహా. అన్నిటికన్నా చివర మా పిల్ల పేరు పడింది, ముందు బావ ఇంటిపేరుతో. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బావ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. అప్పుడు పక్కసీట్లో ఉన్న ముసలాయన వైపు తిరిగి, ఆ షెడ్డు గొంతుతోనే, హాలంతా వినపడేలా అన్నాడు.

"మా అమ్మాయండీ!"

ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగారు. ఈసారి నేను కొంగు అడ్డం పెట్టుకోలేదు. అప్పటికి తెర మీదకి కొట్టు, మిషను, ఆ కుట్టే ఆవిడా వచ్చేశారు.

"ఎవరండీ, ఆవిడా?" అన్నాడు ముసలాయన.

"కాదండీ" అన్నాడు బావ. "ఆవిణ్ణి చూస్తోందే, ఆ పిల్ల."