అతను ఒప్పుకున్న రోజు

గర్భపు చీకటిలో బిడ్డకు వేళ్లూ కళ్లూ అమర్చేవాడికి, తల్లికంటే ముందే ఆ ముఖాన్ని ఎరిగినవాడికి స్తోత్రం. ఆయన నా మొర విన్నాడు. విన్నాడు కాబట్టే ఇది భయంతో రాస్తున్నాను.

2011లో నా కూతురికి నాలుగేళ్లు. దాని తండ్రి తూంకుంట వెంచర్లకు మట్టి తోలే టిప్పర్ డ్రైవరు. పెళ్లి చేసుకుంటానని నమ్మించి, నాకు మూడో నెల రాగానే ముఖం చాటేశాడు. బిడ్డ అతనిదేనని తేల్చి పోషణ ఇప్పించమని మేడ్చల్ కోర్టులో పిటిషన్ వేశాను. నేనెవరో తెలియదని అతను కౌంటరు వేశాడు. శామీర్‌పేటలోని మా సంఘం ఆడవాళ్లు ఆ చలికాలమంతా ప్రతి శుక్రవారం నా కోసం ఉపవాసమున్నారు. ప్రార్థన ఒక్కటే: అతని నోటితోనే ఒప్పించు ప్రభువా.

కోర్టు రక్తపరీక్ష చేయించమంది. పరీక్ష రోజు ఉదయం ఆసుపత్రి వరండాలో ముగ్గురినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఒకే కాగితం మీద మా ఫొటోలు అంటించారు. నా కూతురు అతన్ని చూడడం అదే మొదటిసారి. భయమేస్తే బొటనవేలిని పిడికిట్లో దాచుకోవడం దానికి అలవాటు. అలాగే కూర్చుంది. అతని వైపు చూశాను. అతని బొటనవేలూ పిడికిట్లోనే ఉంది. అతను దగ్గాడు, అది దగ్గింది. అతను తల గోక్కోబోయి ఆగిపోయాడు. అదీ అప్పుడే చెయ్యెత్తింది. కూర్చున్నప్పటి నుంచీ ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరగలేదు.

అతను మెల్లగా దాని వైపు తిరిగాడు.

"మా అవ్వ మొకం," అన్నాడు. "సచ్చిపోయిన మా అవ్వ గిట్లనే కూసునేది."

తర్వాత నాతో, "ఇగ రిపోర్ట్ ఎందుకు? బిడ్డ నాదే. తీస్కపోత."

"నాలుగేండ్లు యాడికి వోయినవ్?"

"గప్పుడు సూడలే. ఇప్పుడు సూసిన."

అతను పిలవలేదు, చెయ్యి చాపలేదు. నా కూతురు బెంచీ దిగి, ఎవరో చెవిలో చెప్పినట్టు, వెళ్లి అతని మోకాళ్ల దగ్గర నిలబడింది. సూది వేయించకుండానే దాన్ని ఎత్తుకుని సుచిత్ర వైపు వెళ్లే బస్సెక్కాను.

విషయం విని పాస్టరమ్మ చప్పట్లు కొట్టింది. "దేవుడు కార్యం జేసిండు చెల్లె! ఒప్పుకున్నడంటే ఇంకేం గావాలె? గట్ల ఏడుస్తవేంది?"

"ఒప్పుకోమనే అడిగినం అక్కా. బిడ్డనే అడుగుతడని అనుకోలే."

ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి.

తర్వాతి వాయిదాకు పిటిషన్ వెనక్కి తీసుకుంటానని మా వకీలమ్మతో చెప్పాను. కోర్టు గుమ్మం దగ్గర ఆమె గొంతు తగ్గించింది. "ఆయన తండ్రి కాదు, పొరపాటున వేసిన అను. ఇగ నీ బిడ్డ జోలికి రానే రాడు."

అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని సండే స్కూల్ పిల్లలకు నేర్పేదాన్ని నేనే.

"ఎవరైనా బెదిరించారా? ఎందుకు వద్దనుకుంటున్నారు?" మేజిస్ట్రేటు అడిగారు. వెనక అతని ఊపిరి వినిపిస్తోంది. తండ్రి కాదు అన్న ఒక్క మాటతో బిడ్డ నాకు దక్కేది. నాలుక దాకా వచ్చింది.

"నేనే సాకుకుంట సార్. కేసు వద్దు."

అంతకుమించి అనలేకపోయాను. సంతకం పెట్టించుకుని పిటిషన్ కొట్టేశారు. అతను తండ్రి కాదని ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

మూడేళ్లయింది. అతను ఏ కేసూ వేయలేదు. కానీ పాప పుట్టినరోజు తెల్లవారితే మా గేటుకు ఒక కవరు వేలాడుతుంది. లోపల కొత్త గౌను, సరిగ్గా దాని కొలతకు. రెండు ఇళ్లు మారాం. యాప్రాల్ వచ్చి అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు. అయినా కవరు వచ్చింది. నేను తలుపు తీయకముందే పాప మంచం మీద నుంచి ఆ గౌను రంగు చెబుతుంది. ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ఈ బిడ్డ రేపు కూడా తల్లి పక్కనే నిద్రలేవాలని నాతో కలిసి అడగండి. పాప పడుకుంది, ఆమేన్ మెల్లగా అనండి.