రాగ్నా పొలం, మా పనిగంటలు

రాగ్నాకి అరవై ఏడేళ్లు, పదకొండు ఆవులు, ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోని మొండితనం. మా లోయలో ఆమె చెయ్యి పడని ఇల్లు లేదు. మా ఇంటి కప్పు మార్చినప్పుడు అందరికన్నా ముందు నిచ్చెన ఎక్కింది తనే. పని చేస్తూ తిడుతుంది, తిడుతూనే మనకన్నా ముందు ముగిస్తుంది.

మొన్న ఆగస్టులో ఏరు పొంగి ఆమె గడ్డి పొలం మీద రాళ్లూ బురదా పరిచి పోయింది. ఆవులకు చలికాలం మేత అంతా దాని కిందే. ఇలాంటప్పుడు మా దగ్గర ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా పన్నెండు ఇళ్లవాళ్లం ట్రాక్టర్లతో, పారలతో దిగి పొలాన్ని అద్దంలా చేసేశాం. సోమవారం నష్టం చూడడానికి మునిసిపాలిటీ ఆఫీసు నుంచి సిల్యె అనే అమ్మాయి వచ్చింది.

"నష్టమేది, రాగ్నా?"

"ట్రాక్టర్లెక్కి వెళ్లిపోయింది" అంది రాగ్నా.

కంటికి కనిపించని నష్టానికి పరిహారం ఎలా రాయాలని సిల్యె తల పట్టుకుంది. ఒడ్డున రాళ్ల గుట్ట చూశాక ఒక దారి చెప్పింది. శుభ్రం చేసిన పనికి కూడా సర్కారు సాయం వస్తుంది. ఎవరెవరు ఎన్ని గంటలు చేశారో రాసి ఇస్తే చాలు. ఆ డబ్బుతో మేత కొనుక్కోవచ్చు. అది రాకపోతే మంచు పడేలోపు ఆవులను అమ్మేయాల్సిందే.

ఇది మా లోయలో ఎంత కష్టమో రాజధాని ఓస్లోలో పెరిగి ఇక్కడ ఉద్యోగానికి వచ్చిన ఆ పిల్లకేం తెలుసు? కలిసి చేసిన పనికి గంటలు చెప్పుకోవడమంటే భోజనానికి పిలిచి బిల్లు ఇచ్చినట్టు. సిల్యె మమ్మల్నందరినీ రాగ్నా వంటింట్లో కూర్చోబెట్టి అడిగింది.

"నేనా? కాఫీకి వచ్చా" అన్నాను. నా భుజం ఇంకా పైకి లేవడం లేదు.

"పని చేసింది ట్రాక్టరు. నేను దాని మీద కూర్చున్నానంతే" అన్నాడు పక్క పొలం హాల్వర్.

అందరివీ కలిపితే నాలుగు గంటలు తేలాయి.

"నాలుగు గంటల్లో అంత రాయి ఎత్తారా? మిమ్మల్ని దేశమంతా తిప్పి చూపించాలి" అంది సిల్యె.

రాగ్నాకి ఒళ్లు మండింది. "మీ వినయం గాడిలో వేస్తే నా ఆవులు తింటాయా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. "నా సంగతి వదిలెయ్. హాల్వర్ గంటలు నన్నడుగు" అన్నాను సిల్యెతో. "మూడు రోజులూ పొద్దున్న ఆరు నుంచి చీకటి పడేదాకా. తినడానికి కూడా ట్రాక్టరు దిగలేదు."

"వీడు మాత్రం తక్కువా? భుజం పట్టేసినా పార వదల్లేదు" అన్నాడు హాల్వర్.

ఇక చూడాలి మావాళ్లను. తమ సంగతి చెప్పడానికి నోరు పెగలనివాళ్లు పక్కవాళ్ల సంగతికి పోటీలు పడ్డారు. సిల్యె పెన్ను ఆగలేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

"మరి రాగ్నా గంటలు?" అని అడిగింది సిల్యె.

"నేను మీకు తినడానికి వాఫిల్స్ కాల్చాను. అదీ ఒక పనేనా?" అంది రాగ్నా.

హాల్వర్ ఓ తెల్ల కాగితం తన వైపు లాక్కుని తనే రాశాడు. సిల్యె పైకి చదివింది. "నేను వచ్చేసరికి పొలంలో ఉంది. నేను వెళ్లేటప్పుడూ పొలంలోనే ఉంది. మొగుడు పోయినప్పటి నుంచి రోజూ ఇంతే."

"ఇది అంకె కాదు" అంది సిల్యె.

"అంకె నువ్వేసుకో" అన్నాడు హాల్వర్.

రాగ్నా కిటికీ వైపు తిరిగి, కడిగిన కప్పులనే మళ్లీ కడిగింది.

అక్టోబరులో సాయం అందింది, మేత వచ్చింది, ఒక్క ఆవు కూడా లోయ దాటలేదు. రాగ్నా మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లి ఆ దరఖాస్తు నకలు తెచ్చుకుంది. ఎందుకని అడిగితే, సర్కారుకి ఇచ్చిన కాగితాలన్నీ దగ్గర ఉంచుకోవాలంది. ఆమె తెచ్చుకుంది మాత్రం హాల్వర్ రాసిన ఆ ఒక్క పేజీయే.