నీళ్ళు పోయకూడని గది

మేం వెళ్ళేసరికి చాలా ఇళ్ళల్లో బకెట్లు నింపి ఉంటాయి. కార్పెట్ శుభ్రం చేసేవాళ్ళు వస్తున్నారంటే నీళ్ళు కావాలి కదా అని వాళ్ళ మర్యాద. ఆ బకెట్లను పక్కన పెట్టమనడం దగ్గరే మా పిన్నికీ ఇంటివాళ్ళకీ మొదటి పేచీ వస్తుంది. గచ్చు కడిగితే శుభ్రం, వాకిలి కడిగితే శుభ్రం. అలాంటిది కాస్త చెమ్మగా ఉండే పొడి చల్లి, బ్రష్‌తో రుద్ది, మిషన్‌తో లాగేసి అయిపోయిందంటే ఎవరికీ నమ్మకం కుదరదు. ఇంతేనా అని అడుగుతారు.

మా పిన్ని అనంతపురం వైపు నుంచి వచ్చి మూసాపేటలో స్థిరపడింది. ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ చేస్తూ ఈ పని నేర్చుకుంది. ఆ హోటల్లోనే ఒకసారి పెద్ద హాలు కార్పెట్‌ను ఎవరో నీళ్ళతో నానబెట్టి కడిగారట. ఆరేసరికి అది గోడలను వదిలేసి, మధ్యలో అతుకు నోరు తెరిచిందట. ఇప్పుడు సొంతంగా ఒక ట్రాలీ ఆటో, కొన్ని మిషన్లు పెట్టుకుని ఆఫీసులకూ ఇళ్ళకూ తిరుగుతున్నా, ఆ హాలు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గుతుంది.

నేనప్పుడు నిజాంపేటలో హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్తున్నాను. శని, ఆదివారాలు పిన్నికి తోడు వెళ్ళేదాన్ని. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు ఎండిపోతుంది. పిన్నికి అది తెలుసు. మిషన్ నాకిచ్చి మాటలు తను చూసుకునేది. మిషన్ చప్పుడులో నన్నెవరూ ఏమీ అడగరు. ముందు రోజు చదివిన పుస్తకంలో మనుషుల గురించి ఆలోచించుకుంటూ పని చేసుకోవచ్చు. హాస్టల్‌కు వచ్చాక ఆ రోజు చూసిన ఇల్లు గురించి డైరీలో నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. ఈ ఇంటి గురించి మాత్రం చాలా రోజులు రాయబుద్ధి కాలేదు.

గచ్చిబౌలిలో ఆఫీసు బస్సులు ఆగే రోడ్డు నుంచి లోపలికి తిరిగితే పాత ఊరు ఇంకా కొంత మిగిలి ఉంది. ఈ ఇంటివాళ్ళు అక్కడి వాళ్ళే, తరాలుగా ఉన్న కుటుంబం. ఆ ఇంటాయన పోయి దినాలు అప్పుడే అయ్యాయి. మమ్మల్ని పిలిచింది ఆయన భార్య. గేటు దగ్గరే మమ్మల్ని ఆపి, లోపలికి వినపడకుండా సంగతంతా చెప్పింది.

ఆయనకు మడమల నొప్పి. మార్బుల్ చల్లదనం పడేది కాదు. అందుకని తన గది వరకు గోడ నుంచి గోడకు ఉన్ని కార్పెట్ వేయించుకున్నారు. చివరి ఘడియలో ఆయనను మంచం మీద నుంచి కిందికి దింపారు. మంచం మీద ప్రాణం పోకూడదని చాలా ఇళ్ళల్లో ఉన్న పద్ధతే. కింద అంటే ఆ గదిలో కార్పెట్టే. ప్రాణం పోయిన చోటును నీళ్ళతో కడగాలి. ఇల్లంతా కడిగారు గానీ, ఆ గదిని ఎలా కడగాలో తెలియక తలుపు మూసి పెట్టారు.

ఆయన అక్క చేవెళ్ళ వైపు ఊరి నుంచి వచ్చి ఉంది. కడిగి మైల తీసేదాకా ఆ గదిలో ఎవరూ ఉండకూడదని, కడగడం కుదరకపోతే కార్పెట్ పీకి పారేయాలని ఆమె మాట. కొడుకు మేడ మీద ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్నాడు. పీకేసి టైల్స్ వేయిద్దామని అతను తేల్చేశాడు. ఈమెకేమో ఆ గదిలో, ఆ కార్పెట్ మీద పడుకోవాలని ఉంది. దినాలన్నీ హాల్లో చుట్టాల మధ్య చాప మీదే పడుకుందట.

“మా వదినె ఒప్పుకోవాలె. కార్పెట్ ఖరాబు కావద్దు. గీ రెండూ అయితయా అమ్మా?” అని అడిగింది.

పిన్ని చూస్తానక్కా అంది. అంతకుమించి మాట ఇవ్వలేదు.

గది తలుపు తీశారు. ఎర్రమట్టి రంగు మీద ముదురాకుపచ్చ తీగలు నేసిన కార్పెట్. ఆయన అక్క గడప బయటే కుర్చీ వేయించుకుని కూర్చుంది. బకెట్ ఆమె పక్కనే ఉంది. పిన్ని తలుపు వెనక మూలలో అంచును పట్టుకుని మెల్లగా పైకి లేపింది. గోడ వెంట చెక్కపట్టీ ఉంది. దానికి ఉన్న చిన్న చిన్న మేకు మొనలే కార్పెట్‌ను బిగించి పట్టుకుని ఉంటాయి. అడుగు భాగం తిప్పి ఆయన అక్కకు చూపించింది. గోధుమరంగు నార పోగులు అడ్డంగా, నిలువుగా కనిపించాయి.

“పెద్దమ్మా, పైన ఉన్ని. అదేమీ అనదు. కింద జనపనార. అది నీళ్ళు తాగితే లావెక్కుతుంది. లావెక్కిందంటే పొడుగు తగ్గిపోతుంది. ఈ మేకులను వదిలేసి లోపలికి వచ్చేస్తుంది. మళ్ళా మనం ఎంత లాగినా పోదు.”

“గొర్రె మీద వాన పడ్తే గొర్రె పొట్టిగైతదా?” అంది ఆమె.

“గొర్రె కింద ఎవరూ గోనెసంచి కుట్టలేదు కదా పెద్దమ్మా.”

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ కూడా నవ్వబోయి ఆగింది. ఆ తర్వాత, మరి మైల సంగతేమిటని అడిగింది. అంతా అయ్యాక తమలపాకుతో నాలుగు చుక్కలు చల్లుకోండి, అంతమటుకు ఏమీ కాదు అంది పిన్ని. పెద్దమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఒప్పుకుందనే మేం అనుకున్నాం.

ముందు దుమ్మంతా లాగేశాను. ఆ తర్వాత పొడి చల్లి, ఉన్ని ఎటు వాలి ఉందో చూసుకుని అటే బ్రష్ నడిపాను. పిన్ని నురగలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో మరకల మీద అద్దుతూ, మధ్యమధ్యలో అంచు కిందికి చెయ్యి పోనిచ్చి తడి దిగిందేమో చూసుకునేది. పొడిగానే ఉంది. తీగల ఆకుపచ్చ మెల్లగా తేలింది. భార్య గడప దగ్గర నిలబడి అది చూస్తోంది. ఆమె ముఖంలో కాస్త తెరిపి కనిపించింది. నాక్కూడా లోపల బరువు తగ్గినట్టయింది.

గాలి మిషన్లు రెండు మూలల్లో పెట్టి, మేం వరండాలోకి వచ్చి టిఫిన్ డబ్బాలు విప్పాం. అన్నం కలుపుతుండగా లోపలి నుంచి నీళ్ళు పడ్డ చప్పుడు వచ్చింది. పిన్ని చెయ్యి కడుక్కోకుండానే లేచి పరిగెత్తింది.

గదిలో పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో ఖాళీ బకెట్. పసుపు కలిపిన నీళ్ళు. మంచానికీ కిటికీకీ మధ్య అంతా పచ్చగా పరుచుకుని, మేం చూస్తుండగానే లోపలికి ఇంకిపోతోంది. వంటింట్లోంచి భార్య వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆమె ఏమీ అడగకముందే పెద్దమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“వాని తల ఈడుండె. చిన్నప్పుడు వానికి తానం పోసింది నేను. పోయిన్నాడు నేనొచ్చేసరికి ఆఖరి తానం గూడ అయిపోయింది. ఆకుతోని నాలుగు చుక్కలు చల్లుడు నీళ్ళు పోసుడైతదా?”

పిన్ని బకెట్ తీసుకుని పక్కన పెట్టి, నీళ్ళు లాగే మిషన్ తెమ్మని నాకు సైగ చేసింది. లాగినకొద్దీ పసుపు నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత పొడి తువ్వాళ్ళు పరిచి వాటి మీద నిలబడి తొక్కాం. పిన్ని అంచు కిందికి చెయ్యి పెట్టి, తీసి, తడిసిన వేళ్ళ వంక చూసుకుంది. ఇంకా ఎక్కువ లాగలేం, ఇది ఆరేటప్పుడే ముడుచుకుంటుంది, ఆరేలోపు కదలకుండా బిగించాలి అంది. ట్రాలీలోంచి సుత్తి, సన్న మేకులు తెచ్చాను. మార్బుల్‌లోకి మేకు దిగదు. చెక్కపట్టీలోకే దిగాలి. కిటికీ వైపు పట్టీ పాతది, తడికి మెత్తబడి ఉంది. అక్కడ కొట్టిన మేకులు నిలవడం లేదు.

సుత్తి చప్పుడుకు కొడుకు మెట్లు దిగి వచ్చాడు. మెడ చుట్టూ హెడ్‌ఫోన్ ఉంది. కాల్‌లో ఉన్నానని ముందు మా మీద విసుక్కుని, ఆ తర్వాత పచ్చటి తడిని చూశాడు.

“చెప్పిన కదమ్మా, దీనితోని పరేషానే తప్ప ఏం లేదు. రేపు పొద్దున మనుషుల్ని పంపిస్త, పీకేస్తరు.”

పొద్దుటి నుంచి భార్య ఎవరి ముఖంలోకీ సూటిగా చూడలేదు. ఇప్పుడు కొడుకును వదిలేసి పెద్దమ్మ వైపు తిరిగింది.

“నీళ్ళు పడ్డయి గద వదినె. కడిగినట్టే గద?”

పెద్దమ్మ “కడిగినట్టే” అంది.

“మైల పోయినట్టే?”

“పోయినట్టే.”

“అయితే ఇగ పీకుడు లేదు. నా అర్ర నాకియ్యుండ్రి. అందరు బయటికి పోండ్రి.”

మేం సుత్తీ తువ్వాళ్ళూ తీసుకుని బయటికి వచ్చాం. ఆమె లోపలి నుంచి గడియ పెట్టుకుంది. కొడుకు తలుపు వంక ఒక నిమిషం చూసి, ఫోన్ మోగడంతో మేడ మీదికి వెళ్ళిపోయాడు.

గాలి మిషన్లు లోపల తిరుగుతూనే ఉన్నాయి. కానీ తలుపు మూసి ఉంటే తడి గాలి ఎటు పోతుంది? అంచులు ఆరి మధ్యలో తడి నిలిచిపోతే కార్పెట్ ఒకే వైపుకు లాక్కుపోతుంది. పిన్ని తలుపు కొట్టబోయి చెయ్యి దించేసుకుంది. పసుపు అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

“గాలి ఆడనివ్వమని నువ్వు చెప్పు ఆమెకు. నేను చేసిన పనేమో ఇట్లయింది. నా మాట ఇప్పుడు ఏం వింటుంది.”

తలుపుకు నోరు దగ్గరగా పెట్టి మాట్లాడాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అమ్మా, కిటికీ తెరవండి, తలుపు కూడా కొంచెం తీసి పెట్టండి అన్నాను.

“కిటికీ తెరుస్త. తలుపు తియ్య.”

కిటికీ రెక్కలు గోడకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత లోపలి నుంచి, కిటికీ దిక్కు అంచు లేస్తోందని చెప్పింది. పిన్ని ఒక్క ఉదుటున లేచి తలుపు దగ్గరికి వచ్చింది.

“దాని మీద కూర్చో అక్కా. అంచు మీదే, గోడకు ఆనుకుని. ఆరేదాకా లేయొద్దు.”

“కూసున్న.”

ముగ్గురం బయట కూర్చున్నాం. మా డబ్బాల్లో అన్నం వరండాలో అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ తలుపు పక్కన గోడకు వీపు ఆనించుకుని, ఉండి ఉండి లోపలికి వినపడేలా “లేచిందా?” అని అడిగేది. మొదట్లో లేవలేదని జవాబు వచ్చేది. ఆ తర్వాత, నేను కూసున్న కాడ లేవలే, పక్కపొంటి లేస్తున్నది అని వచ్చింది. పెద్దమ్మ తలుపు మీద చెయ్యి వేసింది.

“తలుపు తియ్యి. పక్కపొంటి నేను కూసుంట.”

తలుపు తెరుచుకోలేదు. పెద్దమ్మ ఇంకోసారి అడిగింది. ఆ తర్వాత అడగలేదు.

ఎండ తగ్గాక తలుపు తెరుచుకుంది. భార్య చీర కింది భాగమంతా తడిసి పచ్చగా ఉంది. లేవడానికి గోడ పట్టుకున్నట్టుంది, కిటికీ కింద సున్నం మీద పచ్చటి చేతి గుర్తు పడింది. ఆమె కూర్చున్న చోట అంచు గోడను అంటుకునే ఉంది. దానికి రెండు పక్కలా కార్పెట్ లోపలికి లాక్కుపోయి, అరచేతి వెడల్పున మార్బుల్ బయటపడింది. తీగలు కూడా అక్కడ వంకరపోయాయి. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని ఆ అంచు పొడుగునా వేళ్ళతో తడిమింది. వచ్చే వారం లాగే పరికరం తెచ్చి ప్రయత్నిస్తాను, కానీ నేత చిరిగినా చిరగొచ్చు, పసుపు రంగు మాత్రం పోదు అని ఉన్నమాట చెప్పింది.

“వద్దు. ఇగ దీన్ని ఎవ్వరు ముట్టద్దు” అంది ఆమె.

హాల్లోంచి తన చాప తెచ్చుకుంది. తడి లేని చోటు చూసుకుని, తలుపు వైపు మూలలో పరిచింది. మేం గాలి మిషన్లను ఆ రాత్రికి అక్కడే వదిలేసి, మిగతా సామాను సర్దుకున్నాం. పెద్దమ్మ గడప దాకా వచ్చి అక్కడే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.