నా ఎత్తు బంగారం

యూనివర్సిటీలో సీటొస్తే నా ఎత్తు బంగారం మేడారం తల్లులకు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. అక్కడ బంగారమంటే బెల్లమే. మొక్కిన నాటికి నేను ఎండుపుల్లలా ఉండేదాన్ని కాబట్టి ఆమె పెద్దగా ఆలోచించలేదు. సీటొచ్చింది. జాతర రెండేళ్లకోసారి కదా, దానికింకా చాలా టైముంది. ఆ టైములో నేను వరంగల్‌లో ఏం చేశానంటే, తిన్నాను.

హాస్టల్ మెస్సు టిఫిన్ నచ్చక మానేసేదాన్ని. మధ్యాహ్నం ఫోన్లో నొక్కితే బిర్యానీ గేటు దగ్గరికే వచ్చేది. సాయంత్రం కూల్‌డ్రింకు, చిప్సు, మంచం మీద పడుకుని సిరీస్‌లు. కనబడేంత దూరంలో ఉన్న క్లాసుకి కూడా రూమ్మేటు స్కూటీ ఎక్కేదాన్ని. ఒళ్లు చేశావేమిటే అని ఎవరైనా అంటే మీదపడి కరిచేదాన్ని.

దసరా సెలవులకు రఘునాథపల్లి వెళ్తే, జాతర దగ్గరపడితే బెల్లం దొరకదని అమ్మ నన్ను దుకాణానికి తీసుకెళ్లింది. ఇలాంటి మొక్కుల కోసమే అక్కడో పెద్ద తక్కెడ ఉంది. ఒక పళ్లెంలో నన్ను కూర్చోబెట్టి, రెండోదాంట్లో సేటు బెల్లం దిమ్మెలు పేర్చడం మొదలుపెట్టాడు. పేరుస్తూనే ఉన్నాడు. నా పళ్లెం నేలను వదలదే!

“అక్కా, ఇంకో బస్తా ఇప్పాలె,” అన్నాడు.

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కానీ పత్తి ఏరి ఏరి పగిలిన వేళ్లతో ఆమె ఆ ఇంకో బస్తా మూతి విప్పుతుంటే కోపం ఎటుపోయిందో, సిగ్గేసింది. నేను తిన్నదానికి ఆమె మళ్లీ చేలోకి దిగాలి.

ఆ బస్తాలు మా ఇంట్లో ఓ మూలన చేరాయి. ఇంటికెళ్లినప్పుడల్లా నా బరువు అక్కడ కూర్చుని, చీమలతో సహా, నన్నే చూసేది. జాతరలోపు, ఆ బస్తాలన్నీ అక్కర్లేకుండానే ఆ తక్కెడ నన్ను లేపాల్సిందేనని పంతం పట్టాను.

మెస్సు ఉప్మాను తిట్టుకుంటూనే తిన్నాను. పొద్దున్నే ఫోను రూములో పడేసి గ్రౌండు చుట్టూ నడిచాను. మొదట్లో కుక్కలు కూడా నన్ను దాటిపోయేవి. పరీక్షలప్పుడు చిప్సు ప్యాకెట్లు మళ్లీ చేరాయి. మళ్లీ మొదలుపెట్టాను. నడక పరుగైంది. సంక్రాంతి దాటాక ఇంటికెళ్తే అమ్మ నన్ను కిందామీదా చూసింది.

“మేడారం తల్లికి ఎగ్గొడదామని తింటలేవా?”

“తింటున్ననే. మంచిగనే తింటున్న,” అన్నాను. నమ్మలేదు.

జాతరకు బయల్దేరే రోజు, మొక్కు తీర్చేనాటి తూకమే లెక్కంటూ అమ్మ బస్తాలన్నీ ఆటోలో వేయించి మళ్లీ ఆ దుకాణానికే తీసుకెళ్లింది. పళ్లెంలో కూర్చున్నాను. సేటు పేరుస్తున్నాడు. ఆఖరి బస్తా మూతి విప్పకముందే నా పళ్లెం గాల్లోకి లేచింది! ఈల వేశాను. ఆడపిల్లనని కూడా చూసుకోలేదు.

“గీ బస్తా మిగిలింది అక్కా, ఇంటికి తీస్కపో,” అన్నాడు సేటు.

“తల్లికని తెచ్చినంక ఇంటికెట్ల తీస్కపోతం? ఎవ్వలొంటి మీదిది వాళ్లే మోస్తరు,” అంది అమ్మ, నావైపు చూస్తూ.

మేడారంలో బస్సు దిగాక నా ఎత్తు బెల్లాన్ని మాతో వచ్చిన మేనమామలు తలా కొంత నెత్తికెత్తుకున్నారు. మిగిలిన బస్తా అమ్మ నా నెత్తిన పెట్టింది. మెడ కిందికి దిగిపోయింది. దీన్నా నేను ఇన్నాళ్లూ హాస్టల్ మెట్లెక్కించింది!

“జర ఆగవే కోడలా, దమ్మొస్తాంది,” అని వెనక నుంచి మామ అరుస్తున్నాడు. ఆగలేదు. ఆ జనంలో ఎక్కడా దించకుండా తల్లుల గద్దెల దాకా మోశాను.

బస్తా దించగానే అమ్మ చేతులు జోడించి, అందరికీ వినపడేలా మొక్కింది.

“నీది నువ్వు తీస్కున్నవ్ తల్లీ. మళ్ల దీనికి ఇయ్యకు.”

నడిచింది నేను, పేరు తల్లికి. అయినా ఆ రోజు నాకు కోపం రాలేదు.