ముప్పై ఒకటో రిఫరెన్సు

పోయిన మంగళవారం పొద్దున్న నరసన్నపేట కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడి ఉండగా మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. మా లైబ్రేరియన్ మాస్టారు అరసవల్లిలో, తన ఇంట్లోనే, నిద్రలో వెళ్లిపోయారట. పెట్టినవాళ్లు కంగారులో ఆయన ఇంటిపేరు అక్షరాన్ని పేరుకు వెనక తగిలించారు. ముందు దాన్ని సరిచేసి మళ్లీ పంపించాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. పక్కనున్న పెద్దావిడ "ఎవులు పోనారమ్మా?" అని అడిగింది. ఆయన నాకు చుట్టం కాదు, పాఠం చెప్పిన గురువూ కాదు. "నా పేపరు దిద్దినాయన" అన్నాను.

శ్రీకాకుళంలో మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఆయన అటెండరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే చదువుకుని లైబ్రేరియన్‌గా రిటైరయ్యారు. నేను జువాలజీ లెక్చరర్‌గా వచ్చేసరికే రిటైరై చాలా ఏళ్లయింది. అయినా రోజూ పదకొండింటికి ఆటో దిగి, రీడింగు రూములో ఫ్యాను కింద కూర్చునేవారు. మాలో ఎవరు జర్నల్‌కి పేపరు పంపాలన్నా, చివరి పేజీల్లో ఉండే రిఫరెన్సుల జాబితా ముందు ఆయన చేతిలో పెట్టాలి. మనం ఎవరి పని మీద ఆధారపడ్డామో వాళ్ల పేరు, ఏడాది, వ్యాసం, సంపుటి, పేజీలు అన్నీ అందులో రాయాలి కదా. ఒక జర్నల్‌కి ఏడాది బ్రాకెట్లో కావాలి, ఇంకోదానికి చివర కావాలి. మాకు తలనొప్పిగా ఉండే ఆ పనిని ఆయన వేడి జీళ్లు తిన్నంత ఇష్టంగా చేసేవారు. పెళ్లి శుభలేఖ ఇచ్చినా జేబులోంచి పెన్సిల్ తీసే మనిషి మరి.

విదేశీ జర్నళ్లు మన పేరులో చివరి ముక్కే ఇంటిపేరనుకుంటాయి. అందుకని మనవాళ్లలో సగంమంది రావులైపోతారు. ఒకసారి నా జాబితాలో వరసగా ఏడుగురు రావులు తేలారు.

"ఏటమ్మా ఇది, పెళ్లిభోజనాల బంతా? ఈ రావులందరూ ఒకింటోళ్లేనా?" అన్నారు మాస్టారు. ఏడుగురి అసలు ఇంటిపేర్లూ దొరికేదాకా నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.

నా మొదటి పేపరు నాగావళి సముద్రంలో కలిసే ఏటిమొగలో దొరికే పీతల మీద. అప్పటికే రెండు జర్నళ్లు వద్దన్నాయి. మూడోది మాత్రం, రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు, పది రోజుల్లో సరిచేసి పంపండి అంది. నా ప్రాణం లేచొచ్చింది. కంప్యూటర్లో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, సాయంత్రానికి పంపేస్తానన్నాను.

"అది నువ్విచ్చిందే సర్దుతాది. నిజమో కాదో దానికేటి తెలుస్తాది? ఇలా తే" అన్నారాయన.

ఒక్కొక్కటీ చదువుతూ ముప్పై ఒకటో దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఓలమ్మా! ఇది రెండొందల పద్నాలుగో పేజీలో మొదలై రెండొందల తొమ్మిదిలో అయిపోనాది. ఎనక్కి నడిసినాదా ఏటి?" అంటూ పకపకా నవ్వారు. రీడింగు రూములో పిల్లలంతా తలెత్తి చూశారు.

అచ్చుతప్పేమో అనుకున్నాను. నేను ఆ వివరం తీసుకున్న పేపరు తెరిచి చూస్తే అందులోనూ అంతే. దానికి ముందు వచ్చిన మరో మూడింటిలోనూ అవే అంకెలు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"అంటే ఒకరిది సూసి ఒకరు రాసీసినారు. అసలుది ఎవులూ సూడలేదు. నువ్వు సూసినావా?"

"లేదు సార్" అన్నాను తలొంచుకుని. "పోనీ తీసేద్దాం. ఒక్కటి లేకపోతే ఏమవుతుంది?"

"తీసీస్తే ఆ మాట నీదయిపోతాది. నీదా అది?"

నాది కాదు. గుడ్లతో ఉన్న ఆడపీతలు వానలకు ముందే ఏటిమొగకి చేరతాయన్న ముక్క అది. నా పేపరు సగం దాని మీదే నిలబడి ఉంది.

అసలు వ్యాసం ఒకప్పుడు మా కాలేజీలోనే జరిగిన సెమినార్ సంపుటంలో ఉంది. లైబ్రరీ కాపీని ఎప్పుడో చెదలు తినేశాయి. మాస్టారు కాసేపు ఫ్యానుకేసి చూసి, "అప్పట్లో బకెట్టుతో పీతలు అట్టుకొచ్చీ అమ్మాయొకర్తి ఉండీది. ఆ పుస్తకం ఆవిడికీ ఒకటి ఇచ్చినాం. సీపురుపల్లి కోడలయినాది. ఆదివారం ఎల్దాం" అన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాం. చీపురుపల్లి స్టేషను దగ్గర ఇద్దరిని అడిగేసరికి ఇల్లు దొరికింది. తలుపు తీసింది ఆనాటి పీతల అమ్మాయే, ఇప్పుడు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్. మాస్టార్ని ఎగాదిగా చూసి, "ఏటయ్యా, లైబ్రరీ అబ్బాయివి కాదేటి? జుట్టంతా ఏటయిపోనాది?" అన్నారు.

"మీ పీతలు కొరికీసినాయమ్మగారు!"

బీరువా అడుగు అరలోంచి సంపుటం తీసుకొచ్చారావిడ. విషయసూచికలో ఆ వ్యాసానికి ఎదురుగా ఆవిడ రీసెర్చి గైడుగారి పేరొక్కటే ఉంది. పేజీలు రెండొందల పద్నాలుగు నుంచి రెండొందల తొమ్మిది అని ఉంది. తిప్పి చూస్తే వ్యాసం రెండొందల నాలుగులో మొదలైంది. అక్కడ పేర్లు రెండు. ముందున్నది ఆవిడ పేరు. మొదట ఉదహరించినవాళ్లెవరో విషయసూచిక మాత్రమే చూసి, లోపలి మాట ఎవరి నోటో విని రాసుకున్నారన్నమాట. ఆవిడ పేరును మాస్టారు వీధిలోకి వినబడేట్టు చదివారు.

"అమ్మగారూ, ముందు మీ పేరే ఉన్నాది!"

"ఉంటాది మరి. బురదలో దిగింది నేనే కదా" అన్నారావిడ. గైడుగారు వేదిక మీద చదివారు కాబట్టి సూచికలో ఆయన పేరు వేశారట. "మంచోరే ఆయన. తప్పు పడినాదని తెలీకుండానే పోనారు. తరవాత నాకు పెళ్లయినాది, ఇంటిపేరు మారినాది. ఎవులికి సెప్తాను?"

ఆ ఆరు పేజీలూ అక్కడే కూర్చుని చదివాను. ఆవిడ రాసింది వానలకు ముందు అని కాదు, తొలి వానలు పడ్డాక అని. నేను ఏటిమొగలో చూసిందీ అదే! పెద్దవాళ్ల మాటతో నా లెక్క కలవడం లేదని ఆర్నెల్లుగా నన్ను నేనే అనుమానించుకుని, పేపర్లో వాళ్ల మాటే ఉంచాను. ఆవిడ చేతులు పట్టుకుని చిన్నపిల్లలా ఎగిరాను. మాస్టారు మాత్రం ఆవిడ పెట్టిన ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ, "సూసినావా, అడిగితే సెప్తారు" అన్నారు.

వచ్చేముందు ఆవిడనే అడిగాను, ఏ ఇంటిపేరు వెయ్యమంటారని. ఆవిడ కంటే ముందు మాస్టారే, "పేపరు మీద ఏటుంటే అదే" అన్నారు. ఆవిడ సంపుటంలో ఆ పేరును వేలితో తడిమారు. "మా నాన్న ఇంటిపేరది. నన్నలా పిలిసినోళ్లు ఇప్పుడెవులూ లేరు" అన్నారు.

గడువుకి ఒకరోజు ముందు పేపరు పంపాను. వానల ముక్క మార్చి రాసిన చోట సమీక్షకులు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అచ్చయింది. తర్వాత వచ్చిన రెండు మూడు పేపర్లలో ఆ వ్యాసం ఆవిడ పేరుతోనే కనబడింది. ఎవరూ చూడని చివరి పేజీ కోసం ఒక ఆదివారం పాడుచేసుకోవడం నాకు ఆయన వల్ల అబ్బింది. అలాంటి ఆదివారాలు నాకు ఇప్పటికి చాలా ఉన్నాయి. ఒక్కదానికీ విచారించలేదు.

అచ్చయిన పేపరు పోస్టులో వెయ్యడానికి మాస్టారు ఒప్పుకోలేదు. మళ్లీ ఇద్దరం పాసింజరెక్కి వెళ్లి ఆవిడ చేతికే ఇచ్చాం. తిరిగొచ్చేటప్పుడు సాగనంపుతానని ఆవిడ స్టేషనుదాకా వచ్చారు, కాగితాలు చేతిలోనే పట్టుకుని. బండి కదిలింది. మాస్టారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపారు. ఆవిడ చూడలేదు. ప్లాట్‌ఫాం మీద, తట్టలూ సంచులూ మోసుకుపోయే జనం మధ్యలో నిలబడి, ఆఖరి పేజీని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదువుకుంటున్నారు. పిలుద్దామని నేను నోరు తెరిచాను.

"ఉండమ్మా, సదువుకోనీ" అన్నారు మాస్టారు. అని, ఆవిడ తలెత్తకపోయినా, ప్లాట్‌ఫాం అయిపోయేవరకూ నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉన్నారు.