చచ్చి లేచే మా అయ్య

మా చిన్నప్పుడు... చైత్రమాసంలో మా కొండల్లో చేసే ఇటుకల పండగ దగ్గర పడుతోందంటే ఊళ్ళో పిల్లలందరూ గంతులేసేవారు. మా అమ్మ మాత్రం బిక్కుబిక్కుమంటూ ఉండేది. ఎందుకంటే పండగకి ఆడే వేషాల ఆటలో రాక్షసరాజు మా అయ్య.

తెల్లదొరల కాలం అది. అరకు కొండలకి అప్పటికి రైలు రాలేదు. డుంబ్రిగుడ అవతల మా ఊరు... జయపురం వైపు నుంచి వచ్చిన గురువొకాయన మావాళ్ళకి వేషాలు నేర్పాడట. అందులో మా అయ్య లచ్చన్న కట్టినవన్నీ చచ్చే వేషాలే. బాణం దెబ్బకి కూలే పది తలల వేషం, కుస్తీలో చచ్చే మల్లుడి వేషం... అన్నిటికన్నా పేరు తెచ్చింది మాత్రం స్తంభాన్ని తన్నే రాక్షసరాజు వేషం. తెల్లవారి చచ్చిపోయి, మొహాన రంగు కూడా కడుక్కోకుండా చోడి అంబలి, అదే రాగంబలి తాగి, కొండమీద పోడు పనికి పోయేవాడు. ఊళ్ళో ముసలమ్మలు కొన్నాళ్ళపాటు ఆయన్ని చూస్తే చాలు తిట్టిపోసేవారు. అంత బాగా కట్టేవాడన్నమాట.

మీ అయ్య మళ్ళీ చచ్చాడే అని తోటి పిల్లలు నన్ను ఏడిపించేవారు. నేనూ నవ్వేసేదాన్ని... ఆ ఏటి దాకా.

స్తంభంలోంచి వచ్చే నరసింహస్వామి మా సోమ్రు మావ. అమ్మకి స్వయానా అన్న. ఆ వేషం ఆషామాషీ కాదు. గుమ్మడి టేకు కర్రతో చెక్కిన సింహం ముఖం ఏడాదంతా పసుపు గుడ్డలో, పెట్టెలో ఉంటుంది. బయటికి తీశాక రాక్షసుణ్ణి చంపకుండా మళ్ళీ లోపల పెడితే ఊరికి జబ్బులు తప్పవని మావాళ్ళ నమ్మకం. తీసిన దగ్గర్నుంచి స్వామి కట్టేవాడు పాకలో ఒంటరిగా ఉపవాసం ఉండాలి. ఆట అయ్యేదాకా రాక్షసుడితో గానీ, అతని ఇంటివాళ్ళతో గానీ ఒక్క మాట మాట్లాడకూడదు.

ఆ ముఖం తగిలించుకోగానే పూనకం వస్తుంది. అందుకే నడుముకి తాళ్ళు కట్టి బలమైనవాళ్ళు పట్టుకుంటారు. పక్క ఊళ్ళో ఒకసారి ఆ తాళ్ళు జారిపోయి, రాక్షసుడి వేషగాడికి పక్కటెముకలు విరిగాయి.

ఆ ఏడు మా అయ్యకి చలిజ్వరం పట్టుకుంది. వస్తూ పోతూ మనిషిని పీల్చేసింది. కొండ దిగువ నుంచి వచ్చిన కాంపౌండరు ఆయన కడుపు నొక్కి చూసి, జ్వరం వల్ల బల్ల, అంటే ప్లీహం, పెరిగిందన్నాడు. దాని మీద దెబ్బ తగిలితే లోపలే పగిలి ప్రాణం పోతుందని చెప్పి, జ్వరానికి కొయినా మాత్రలిచ్చి వెళ్ళాడు.

అప్పటికే ముఖం పెట్టెలోంచి తీసేశారు. రాక్షసుడి పాటలన్నీ నోటికి వచ్చినవాడు ఊళ్ళో మా అయ్య ఒక్కడే. అమ్మ కాళ్ళు పట్టుకుని వద్దంది. ఆయన మీసాలకి మసి కలుపుకుంటూ, రేపు ఊళ్ళో ఏ పసిపిల్లకి జబ్బు చేసినా జనం మన గుమ్మం వైపే చూస్తారని మాత్రం అన్నాడు.

అమ్మ నన్ను చంకనేసుకుని మావ ఉన్న పాక దగ్గరికి పరుగెత్తింది. అన్నతో మాట్లాడకూడదు కదా... అందుకని దడి పక్కన నిలబడి నాతో మాట్లాడింది, ఆయనకి వినపడేటట్టు.

"ఓలె గుంటా, మీ అయ్య కడుపులో బల్ల పెరిగిపోనాది. దాని మీద దెబ్బ పడితే మనిషి దక్కడు. ఇన్నావా?"

నేను విన్నాను. మావ విన్నాడో లేదో... గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి కదలనైనా లేదు. ఇంటికి వచ్చే దారిలో అమ్మ ఉన్నట్టుండి ఆగిపోయి గుండెలు బాదుకుంది. బల్ల ఏ పక్కన ఉందో చెప్పడం మరిచిపోయింది. వెనక్కి వెళ్ళేసరికి పూజ మొదలైపోయి, మమ్మల్ని దడి దగ్గరికి కూడా రానివ్వలేదు.

ఆ రాత్రంతా ఆట సాగి, తెల్లవారుతుండగా స్తంభం విరిగింది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళని ఈడ్చుకుంటూ సింహం బయటికి దూకింది. చావు ఘట్టం ఊరిపెద్ద ఇంటి గడప మీదే జరగాలి. నేను ఆ ఇంటి అరుగు మీద, తలుపు పక్కనే ఉన్నాను. మావ గడప మీద కూర్చుని మా అయ్యని ఒళ్ళోకి లాక్కున్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఆ ఘట్టంలో డప్పు కొట్టకూడదు. మావ చెయ్యి పైకి లేచింది... అలాగే ఆగింది. అప్పుడు ఆ చెక్క ముఖం లోపలి నుంచి చాలా చిన్నగా ఒక మాట వచ్చింది.

"బావా... ఏ పక్కన?"

చచ్చిపోతున్న రాక్షసుడు కళ్ళు తెరవకుండానే చెప్పాడు.

"ఎడం పక్క."

మావ ఎడంవైపు తన అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో కుడివైపు నుంచి పేగుల బదులు దాచిన ఎర్రదారం లాగాడు. జనం గోవిందా అంటూ దణ్ణాలు పెట్టారు. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఆ మాట విన్నారేమో, వాళ్ళూ ఎప్పుడూ ఆ సంగతి బయటపెట్టలేదు. నేను అమ్మకొక్కదానికే చెప్పాను. అమ్మ నా నోరు మూసేసి, నన్ను అలాగే పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాత కొన్నేళ్ళకి, వానాకాలంలో అదే జ్వరం మా అయ్యని తీసుకుపోయింది. అన్నిసార్లు చచ్చి లేచిన మనిషి కదా, లేస్తాడేమోనని నేను పక్కనే కూర్చుని చూశాను... ఆయన లేవలేదు. ఆ ఏడు పండక్కి పెట్టె తెరవబోతే మావ ఒప్పుకోలేదు. తన ఒళ్ళో ఇంకెవర్నీ పడుకోబెట్టుకోలేనన్నాడట.

ఇప్పుడు మా కొండలమీద ఆటలకి మైకులున్నాయి, రంగురంగుల దీపాలున్నాయి. నేనూ వెళ్ళి చూస్తాను, బాగానే ఆడతారు. కానీ చెయ్యి వేసేముందు ఏ పక్కన అని అడిగిన స్వామిని మాత్రం మళ్ళీ ఎక్కడా చూడలేదు. మీరెవరైనా చూసి ఉంటే చెప్పండి... వినాలని ఉంది.